ఒక్క మెతుకు చాలదు

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. కుండలోని నీరు మెతుకులన్నిటిని ఒక్కతీరున కాచును గనుక ఆ మాట వంటయింటికి చక్కగా సరిపోయినది. అయితే దానిని వంటయిల్లు దాటించి, ఒక్క పరీక్షలో వచ్చిన మార్కులతో పిల్లవాని బుద్ధిని, ఒక్క పోటీలో దక్కిన గెలుపుతో ఆటగాని బలమును, ఒక్క కారులో పండిన పంటతో విత్తనపు గుణమును తేల్చివేయు అలవాటు మనలో ఎంతగా పాతుకొనిపోయినదో నాకు తెలియవచ్చినది పుస్తకములవలన కాదు. తిరుపతిలో, బైరాగిపట్టెడలోని మా యింటి మిద్దెగదిలో, రాత్రులందు తమలో తాము చదరంగమాడుకొను రెండు కంప్యూటరు ప్రోగ్రాములవలన.

చదరంగపు ఇంజను అనగా బల్లయు పావులును కావు. బల్లమీది స్థితిని ఇచ్చినచో, అందుండి పుట్టగల ఎత్తులను, వాటికి రాగల ప్రత్యుత్తరములను లక్షలకొలది వెదకి, ఏ ఎత్తు మేలో ఒక అంకెగా చెప్పు ప్రోగ్రాము మాత్రమే అది. నేడు వీనిలో అగ్రగణ్యమైన స్టాక్‌ఫిష్, నార్వే దేశీయుడగు టోర్డ్ రోమ్‌స్టాడ్ వ్రాసిన గ్లౌరంగ్ అను ప్రోగ్రామునుండి ఇటలీవాడైన మార్కో కోస్టాల్బా 2008లో తీసిన పాయ. దాని మూలమును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, ఉచితముగా పంచవచ్చును. ముప్పదియేండ్లు గణాంకశాస్త్రము బోధించి విరమించిన నేను, తీరికయు కుతూహలమును కలిసివచ్చుటచే, ఆ మూలమును దించుకొని, ఏ ఎత్తును ఇక లోతుగా చూడనక్కరలేదని త్రోసివేయవలెనో నిర్ణయించు ఒక హద్దును రవ్వంత సడలించి, పాత ప్రోగ్రామునకును నా చేయిపడిన క్రొత్తదానికిని పందెము పెట్టితిని. ఇరువది ఆటలు ముగియునప్పటికి నాది 7 గెలిచి, 4 ఓడి, 9 డ్రా చేసినది, 11.5 – 8.5. ప్రపంచమందలి మేధావులకు తట్టని మెరుగు బైరాగిపట్టెడలో తట్టినదని నేను ఉబ్బిపోతినని చెప్పుటకు ఇప్పుడు సిగ్గగుచున్నది.

ఆనాడు మిద్దె కారుచున్నదని చూడవచ్చిన మేస్త్రీ, ల్యాప్‌టాపు ప్రక్కన చేయిపెట్టి, "ఏంది సారూ, దోసె పెనం మాదిరిగా కాలతా ఉండాది. రెండూ మీవే గదా, ఏది గెలిస్తే మీకేమొచ్చె?" అనెను. అది హాస్యమునకన్న మాటయే గాని, ప్రశ్న మంచిది. నేను ఆ రాత్రి రెండువేల ఆటలు నియమించి నిద్రపోతిని. ఒక్కొక్క వైపునకు పది సెకండ్లును, ఎత్తు ఒక్కింటికి సెకండులో పదవవంతును కాలము. ఆట యంతయు అరనిమిషములో ముగియును. నాలుగు ఆటలు ఏకకాలమున నడచును. తెల్లవారుసరికి వచ్చిన లెక్క 1003 – 997. నా ఆవిష్కారము మంచువలె విడిపోయినది.

ఇరువది ఆటలు నన్నేల మోసగించినవి? సగము ఆటలు డ్రా అగునని అనుకొందము. అప్పుడు సరిసమానులైన ఇద్దరు నూరు ఆటలాడినను, కేవలము అదృష్టమువలననే ఒకరికి 54, ఒకరికి 46 వచ్చుట వింత కాదు. ఇంజనులకు మెరుగుపెట్టువారు వెదకు తేడాలా, అత్యల్పములు. అమెరికాలో భౌతికశాస్త్రాచార్యుడైన అర్పాద్ ఎలో కల్పించిన కొలమానములో రెండు పాయింట్లనిన, నూరు ఆటలకు మూడవవంతు పాయింటుకూడ అధికము రాదు. అంత సన్నని దారమును అదృష్టమను దట్టమైన నేతలోనుండి లాగవలెనన్నచో అరువదివేల ఆటలైనను కావలసివచ్చును. ఒక్కొక్క ఆట మనుష్యులవలె నాలుగేసి గంటలు సాగినచో అది ఇరువదియేడు సంవత్సరములకు పైబడిన నిర్విరామ కార్యము. అందుచేతనే ఆట తొందర. తీర్పు మాత్రము నెమ్మది. వేగమైన ఆటలను చూచి "ఇందేమి చదరంగము!" అని మూతి విరుచువారు ఈ మర్మమును గ్రహింపలేదని నా అభిప్రాయము.

ఈ పనిని ప్రపంచవ్యాప్తముగా నడుపు ఏర్పాటునకు ఫిష్‌టెస్ట్ అని పేరు. గ్యారీ లిన్‌స్కాట్ అనునతడు 2013లో దీనిని నెలకొల్పెను. ఎవరి యింటనో ఊరకపడియున్న కంప్యూటరు, యజమాని అనుమతిచే, ఎవరో వ్రాసిన మార్పును పరీక్షించుచు ఆటలాడిపెట్టును. మొదట పదిసెకండ్ల ఆటలు. అందు నెగ్గినచో అరువది సెకండ్ల ఆటలు, ఏలయనగా హడావుడిలో మేలుచేసిన ఉపాయము తీరికగా ఆలోచించునప్పుడు కీడు చేయుటయు కలదు. బల్లమీద పావులు సమముగా నుంచి మొదలుపెట్టినచో ఈ మహాబలులు ఇంచుమించు ప్రతి ఆటయు డ్రా చేసికొందురు గనుక, ఒకవైపు మొగ్గిన స్థితులనుండి ఆరంభించి, అదే స్థితిని రంగులు మార్చి మరల ఆడింతురు. మొగ్గువలని లాభము ఇరువురికిని సమముగా దక్కును. వచ్చిన మార్పులలో అధికభాగము ఓడిపోవును. ఎంత పేరుగలవాడు వ్రాసినను, ఎంత అందముగా వ్రాసినను, ఓడినది ఓడినదే. నాకు మిక్కిలి ప్రియమైనది మరియొకటి కలదు: ప్రోగ్రాములోని ఏదైన భాగమును తీసివేసినను బలము తగ్గలేదని పరీక్షలో తేలినచో, ఆ భాగమును నిర్దాక్షిణ్యముగా తొలగింతురు. కార్యాలయములలో ఒక ఫారము పుట్టిన పిదప అది చచ్చుట నేను నా జీవితములో చూడలేదు.

ఎన్ని ఆటలని ముందే లెక్క కట్టి కూర్చుండక, ఒక్కొక్క ఫలితము వచ్చినకొలది "చాలునా, ఇంకను కావలెనా?" అని అడుగుచు పోవు పద్ధతి ఫిష్‌టెస్టునకు ప్రాణము. దామలచెరువు మామిడి మండీలో దీనిని ఏ శాస్త్రము చదువనివారును చేయుదురు. తోతాపురి లోడు దిగినంతనే కొనుగోలుదారు గంపలోని కాయనొకదానిని కోసి చూచును. లోపల నిగనిగలాడుచున్నచో మరియొకటి. అదియు బాగున్నచో బేరము కుదుర్చుకొనును. మొదటి రెండును పురుగుపట్టినచో మారుమాటాడక ప్రక్క లోడునకు పోవును. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అయినప్పుడే చాకు మరల మరల గంపలోనికి దిగును, రైతు ముఖము మాడును. కోసిన కాయ అమ్మకమునకు రాదు గదా! అనుమానము తీరువరకే కోయవలెను, ఒక్కటియు అధికము కోయరాదు.

ఈ వివేకమునకే గణాంకశాస్త్రజ్ఞుడు అబ్రహాము వాల్డ్ 1943లో, రెండవ ప్రపంచయుద్ధకాలమున, గణితరూపమిచ్చెను. ఫిరంగిగుండ్ల నాణ్యతను పరీక్షించుటకు నియమించిన సంఖ్య పూర్తిగా పేల్చనక్కరలేదనియు, అనుభవముగలవాడు నడుమనే ఫలితమును గ్రహింపగలడనియు నావికాదళాధికారి యొకడు అన్న మాట ఆయన మిత్రుల ద్వారా ఆయనకు చేరినది. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునందలి పరిశోధకబృందములో నుండి వాల్డ్ దానిని సిద్ధాంతముగా నిరూపించెను. యుద్ధావసరములవలన అది 1945 వరకు బయటికి రాలేదు. మేలని ఒప్పుకొను గీత ఒకటి, కాదని త్రోసివేయు గీత ఒకటి, రెండును ఆరంభమునకు ముందే గీయబడును. తప్పు తీర్పునకు నూటికి ఐదు పాళ్లకు మించి అవకాశమీయరాదని ఫిష్‌టెస్ట్ వారి నియమము. రెండు గీతల నడుమ నున్నంతవరకు ఆట సాగవలసినదే. నా ఇరువది ఆటలలోని పాపమిదియే: నాకు నచ్చిన లెక్క కనబడినచోట ఆపితిని.

వాల్డ్ 1950లో భారతదేశమునకు ఉపన్యాసయాత్రకు వచ్చి, డిసెంబరు 13న నీలగిరులలో విమానము కూలి భార్యతో కూడ మరణించెను. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నములలో చదివిన మన కల్యంపూడి రాధాకృష్ణరావుగారు ఆ సంవత్సరమే, ఇట్లు ఒక్కొక్క ఫలితమును చూచుచు పోవు క్రమపరీక్షలపై 'సాంఖ్య' పత్రికలో వ్యాసము ప్రకటించిరి. గణాంకశాస్త్రమభ్యసించు విద్యార్థి నేటికిని వాల్డు పరీక్షను, రావు పరీక్షను ప్రక్కప్రక్కన చదువుచున్నాడు. తెలుగువానికి ఈ విద్య పరాయిది కాదనుటకు ఇంతకన్న సాక్ష్యము నేను వెదకను.

ఇక నా ఫిర్యాదు. ఆ మధ్య చిత్తూరులో పిల్లల చదరంగపు పోటీ యొకటి చూడబోతిని. తొమ్మిదేండ్ల బాలుడొకడు ఓడి, కండ్లు తుడుచుకొనుచు వెలుపలికి రాగా, తండ్రి వాని ఎత్తుల కాగితము లాగుకొని, ఫోనులోని ఇంజనునకు ఎక్కించి, "చూడ్రా, ఈడ నీకు ప్లస్ మూడు ఉండె. ఎట్ల పోగొట్టుకుంటివి?" అని, ఆ స్థితి వానికే మేలని ఇంజను చెప్పిన అంకెను తెరమీద చూపెను. బాలుడు కొంతసేపు చూచి, "ప్లస్ మూడు యాల నాయనా?" అని అడిగెను. తండ్రియొద్ద జవాబు లేదు. అడిగినది బాలుడైనను, ఆనాడు అక్కడ విన్న చదరంగపు మాట అదియొక్కటే.

ఆ తండ్రిని నేను నిందింపను. ఇంజనును చేసినవారిని అడిగినను ఆ "యాల"కు పూర్తి సమాధానము దొరకదు. ప్రోగ్రాములోని పదులకొలది అంకెలను ఒక్కసారిగా ఇటు కొంచెము అటు కొంచెము కదలించి, ఏవైపు గెలుపులెక్కువ వచ్చిన ఆవైపు నడచుచు కుదుర్చు పద్ధతి యొకటి కలదు. అట్లు వచ్చిన 137 అను అంకె 128కంటె ఏల మేలైనదో వేల ఆటలు సాక్ష్యమిచ్చును గాని కారణము చెప్పవు. జపానువారి షోగి ఆటకై యూ నాసు 2018లో కల్పించిన నాడీజాల (న్యూరల్ నెట్‌వర్క్) విధానమును 2020లో స్టాక్‌ఫిష్ గ్రహించిన పిదప కారణము మరింత లోతునకు దిగిపోయినది. యంత్రమునకు కారణముతో పనిలేదు. బాలునకు కారణమే చదువు.

సత్యవేడు తాలూకా మూలములుగల తెలుగు కుటుంబమున 2006లో చెన్నైయందు జన్మించిన దొమ్మరాజు గుకేశ్ కథ ఇందులకు చక్కని ఉదాహరణము. శిక్షకుడు విష్ణు ప్రసన్న, ఎలో రేటింగు 2500 చేరవచ్చువరకు, ఆ బాలుని ఇంజను ముట్టనీయలేదు. అట్లు పెరిగిన బాలుడు 2019 జనవరిలో, పండ్రెండేండ్ల ఏడు నెలల ప్రాయమున గ్రాండ్‌మాస్టరాయెను. 2024 డిసెంబరు 12న సింగపూరులో విశ్వవిజేత పోటీ పదునాలుగవ ఆటలో, 55వ ఎత్తున ప్రత్యర్థి డింగ్ లిరెన్ తన ఏనుగును చేటు గడిలో పెట్టినప్పుడు, ప్రపంచమందలి ప్రేక్షకులకందరకు ఇంజను అంచనాను చూపు తెరమీది పట్టీ ఆ తప్పును క్షణములో చెప్పివేసినది. బల్లముందున్న పదునెనిమిదేండ్లవాడు మాత్రము దానిని తన కంటితో తానే కనుగొని 7.5 – 6.5తో విశ్వవిజేత కావలసివచ్చెను. ఆ కథయు ఒక్క మెతుకే గదా యని నా పాత విద్యార్థి ఎవరైన ఎత్తిపొడిచినచో ఒప్పుకొందును. నిరూపణము కాదు, నా మొగ్గు మాత్రమే.

కావున పిల్లలు ఇంజనునుండి నేర్వవలసినది కొంచెమే. పెద్దలు ఇంజను చేసినవారినుండి నేర్వవలసినది చాల కలదు. వారు ఒక్క ఆటను చూచి ఒక్క పంక్తి ప్రోగ్రామునుకూడ దూషింపరు, మెచ్చరు. మనమో ఒక్క ఆటను చూచి తొమ్మిదేండ్లవానికి తీర్పు చెప్పుదుము. చిత్తూరు, తిరుపతి అకాడమీలు పదేండ్లలోపు పిల్లలయెదుట ఆ అంకెల పట్టీని మూసిపెట్టవలెనని నా మనవి.

మా ఊరిలో 1954లో వెలసిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్‌లును కలవు; చుట్టును ఇంజనీరింగు కళాశాలలు కొల్లలు. మన గణాంకశాస్త్రపు ప్రాక్టికల్ తరగతిలో ఇంకను నాణెమెగురవేసి బొమ్మాబొరుసులు వ్రాసికొనుచున్నాము. నేనును ముప్పదియేండ్లు అదే చేయించితిని. ఎంత ఎగురవేసినను నాణెముమీద విద్యార్థికి మమకారము పుట్టదు. తాను వ్రాసిన మార్పుమీద పుట్టును. ఆ మమకారమునకు ఎదురుగా వచ్చిన లెక్కను ఒప్పుకొనుటయే అభ్యాసము. ప్రతి విద్యార్థియు ఒక మార్పు తలపోసి, ఫలితమెట్లుండునో, ఎచ్చట ఆపవలెనో ముందుగా కాగితముమీద వ్రాసి సంతకము చేసి, రాత్రివేళ ఊరకయుండు ప్రయోగశాల కంప్యూటర్లతో పరీక్షించుకొనవచ్చును. ప్రోగ్రాము ఉచితము, ఆటలు నడుపు క్యూట్‌చెస్ వంటి సాధనములు ఉచితములు. విద్యుచ్ఛక్తి మాత్రము ఉచితము కాదు. ఆ సంగతి కళాశాలలవారు అడుగకముందే చెప్పుచున్నాను, ఏలయనగా ఏప్రిలు బిల్లు చూచిన పిదప మా యింటిలో ఈ పోటీలు కార్తికమువరకు వాయిదాపడినవి. పదునొకండువేల నాలుగువందల ఆటలవద్ద ఆగిన నా రెండవ మార్పు, రెండు గీతల నడుమ, అట్లే యున్నది.