కొండ పరుగుకు బూట్లు

మన సంఘ యువకులు కొందరు అరకు వైపు కొండ దారుల్లో పరుగెత్తడానికి వెళ్తున్నారు. సంతోషమే. అయితే రంగు, కంపెనీ పేరు చూసి బూట్లు కొనడం మాకు నచ్చదు. కొండ దిగేటప్పుడు పాదం ముందుకు జారి వేళ్ళు బూటు ముందు భాగానికి కొట్టుకుంటాయి. గోళ్ళు నల్లబడేది అందుకే. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కనుక అప్పుడే, పరుగులో వాడే మేజోళ్ళతోనే వేసి చూడండి. ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, మడమ కదలకూడదు. సోలుకు లోతైన గాట్లు లేకుంటే వాన పడ్డ ఎర్రమట్టిలో పట్టు దొరకదు.

ఆ బూట్లే పాతబడ్డాక షుగరున్న నాన్నగారికి ఇవ్వడం చాలా ఇళ్ళల్లో ఉంది. షుగరు పుండ్లకు కట్లు కట్టే మాకు అది పొదుపుగా కనిపించదు. వాడిన బూటు మీ పాదం ఆకారానికి మారిపోయి ఉంటుంది. స్పర్శ తగ్గిన ఆయన పాదానికి ఒరిపిడి తెలియదు. ఆయనకు కొలత చూసి వేరే జత కొనండి.