చంద్రమతిని ఎవరడిగారు?

మా చెల్లెలి కూతురికి తొమ్మిదేళ్లు. వేసవి సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు సికింద్రాబాద్‌లో ఒక హాల్లో సత్యహరిశ్చంద్ర నాటకం వేస్తున్నారని తెలిసి తీసుకెళ్లాను. తీసుకెళ్లినందుకు రెండు వైపుల నుంచీ చీవాట్లు తిన్నాను. మన సంఘంలోనే పనిచేసే మిత్రురాలు ఒకరు "పెళ్లాన్ని అమ్ముకున్నవాడి కథ చూపించి ఆడపిల్లకి ఏం నేర్పుదామనుకున్నావు?" అని నిలదీసింది. హాల్లో మా ముందు వరసలో కూర్చున్న పెద్దాయన, పిల్ల అడిగిన ప్రశ్న విని, వెనక్కి తిరిగి "ఇట్లాంటి పిల్లల్ని నాటకాలకు తీసుకురాకూడదమ్మా" అన్నాడు. ఇద్దరికీ జవాబు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మెట్టుగూడ నుంచి బస్సులో పోయి పాట్నీ దగ్గర దిగి నడిచాం. హాలు సగమే నిండింది. ఎక్కువమంది రిటైరైన మగవాళ్లు, రైల్వేలో చేసినవాళ్లు చాలామంది ఉన్నట్టున్నారు. మా పిల్ల అంతకు ముందు ఎప్పుడూ నాటకం చూడలేదు. తెర లేవగానే "వీళ్లు నిజంగా అక్కడ ఉన్నారా?" అని చెవిలో అడిగింది. హార్మోనియం శ్రుతి, సాగదీసిన రాగాలు, మధ్యమధ్య వన్స్‌మోర్‌లు ఆమెకు మొదట నవ్వు తెప్పించాయి. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. నక్షత్రకుడు అప్పు కోసం హరిశ్చంద్రుడి వెంటపడి వేధిస్తుంటే కోపంతో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాశీ వీధిలో చంద్రమతినీ లోహితుణ్ణీ వేలానికి పెట్టిన రంగం వచ్చింది. అప్పుడు అడిగింది, కొంచెం గట్టిగానే:

"పెద్దమ్మా, అప్పు చేసింది ఆయనే కదా? ముందు ఆయనే అమ్ముడుపోవచ్చుగా?"

పెద్దాయన వెనక్కి తిరిగింది ఇక్కడే.

నేను ఈ నాటకం చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. సంఘంలో చేరి ఇన్నేళ్లయింది. పితృస్వామ్యం గురించి ఎన్నో క్లాసులు చెప్పాను. కానీ అమ్మకాల వరస గురించి నాకెప్పుడూ తట్టలేదు. మొదట భార్య, ఆమెతో పాటు కొడుకు, చివరికి తను. కథ ఇలా ఎందుకు నడిచిందో తొమ్మిదేళ్ల పిల్లకు కనిపించింది, నాకు కనిపించలేదు. ఆస్తి అమ్మేవాడు ముందు తన చేతిలో ఉన్న వస్తువులు అమ్ముతాడు, ఆఖరుకే తన ఒంటి మీదికి వస్తాడు. చంద్రమతి ఆయన చేతిలో ఉన్న వస్తువు. అంతే.

"ఆమె ఇష్టపడే వెళ్లింది గదా" అంటారు. నిజమే, మార్కండేయ పురాణంలో భార్య చేతనే నన్ను అమ్మి ఋణం తీర్చుకోమని అనిపించారు. ఆ అనిపించడంలోనే ఉంది తెలివంతా. భారతంలో ద్రౌపది ఊరుకోలేదు. తనను తాను ఓడిపోయినవాడికి నన్ను పణం పెట్టే హక్కు ఎక్కడిదని నిండు సభలో అడిగింది. భీష్ముడంతటివాడు నీళ్లు నమిలాడు. చంద్రమతికి ఆ నోరు ఇవ్వలేదు, అందుకే ఆమెను ఆదర్శం చేశారు.

ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే. పాముకాటుకు చచ్చిపోయిన కొడుకుని ఆ తల్లి ఒక్కతే కాటికి మోసుకొస్తుంది. కాటికాపరిగా ఉన్న భర్త ఆమెను గుర్తుపట్టడు, సుంకం అడుగుతాడు. ఇతరులకు కనిపించని ఆమె తాళి కనిపించాక గాని ఎవరో తెలుసుకోడు. మొహం చూసి కాదు, గొంతు విని కాదు. తెలుసుకున్నాక కూడా సుంకం సుంకమే. చివరికి చెయ్యని హత్య ఆమె మీద పడితే తల నరకడానికి కత్తి ఎత్తుతాడు. కత్తి పూలదండ అవుతుంది కాబట్టి మనం చప్పట్లు కొట్టి ఇంటికి పోతాం. కాకపోయి ఉంటే? ఆ మనిషి ఎత్తిన చెయ్యి దించేవాడు కాదు కదా!

అయినా నేను ఏడ్చాను. దాచుకోను. చంద్రమతి కొడుకు శవం మీద పడి ఏడుస్తుంటే నేనూ, పిల్లా ఇద్దరం ఏడ్చాం. మా ముందున్న పెద్దాయన కూడా కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్లు అబద్ధం కావు. బిడ్డను పోగొట్టుకుని కట్టెలకు డబ్బు లేక నిలబడ్డ తల్లులను మనం ఆసుపత్రుల బయట చూసినవాళ్లమే. అందుకే మా మిత్రురాలి మాటతో నేను ఏకీభవించను. చెత్త అని తోసెయ్యడం సులువు. కానీ ఆ ఏడుపు వల్లే పిల్లకు కోపం వచ్చింది, కోపం వల్లే ప్రశ్న వచ్చింది. మన పాంప్లెట్ చదివి ఏ తొమ్మిదేళ్ల పిల్లయినా అంత సూటిగా అడుగుతుందా?

నాకు మండింది నాటకం అయిపోయాక. నటులకు శాలువాలు కప్పి, అతిథిగా వచ్చిన ఒకాయన మైకు పట్టుకుని, ఈ కాలం ఆడపిల్లలు చంద్రమతిని చూసి నేర్చుకోవాలని, ఓర్పు లేకే సంసారాలు కోర్టులకు ఎక్కుతున్నాయని పదిహేను నిమిషాలు చెప్పాడు. హరిశ్చంద్రుణ్ణి చూసి మగపిల్లలు ఏం నేర్చుకోవాలో ఒక్క ముక్క చెప్పలేదు. గాంధీగారు చిన్నప్పుడు రాజ్‌కోట్‌లో హరిశ్చంద్ర నాటకం చూసి, ఎన్నిసార్లో తనలో తానే ఆ నాటకం ఆడుకున్నానని ఆత్మకథలో రాసుకున్నారు. మగపిల్లవాడికి అక్కడ సత్యం దొరికింది. అదే కుర్చీలో కూర్చున్న ఆడపిల్లకు దొరికేది ఓర్పేనా?

పురాణం కదా, ఇప్పుడెందుకీ గొడవ అనేవాళ్లకు ఒక మాట. 1976లో వచ్చిన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, అప్పు తీసుకున్నవాడు తానే కాక తన కుటుంబ సభ్యుల చేత చాకిరీ చేయించే ఒప్పందాన్ని కూడా వెట్టిగానే లెక్కకట్టి రద్దు చేసింది. అంటే కాశీ వీధిలో జరిగిన బేరం ఈనాడు నేరం. చట్టంలో ఆ ముక్క పెట్టవలసి వచ్చిందంటే ఆ బేరం పురాణంలోనే ఆగలేదన్నమాట. 1991లో మన హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే విమానంలో పదేళ్ల పాప ఏడుస్తుంటే ఎయిర్‌హోస్టెస్ ఆరా తీసింది. పక్కన కూర్చున్న అరవై ఏళ్ల అరబ్బు షేకు "భర్త" అని తేలింది. ఆ పాపనూ ఎవరూ అడగలేదు. ఇక నక్షత్రకుడంటారా, మైక్రోఫైనాన్స్ వసూళ్లతో ఆడవాళ్లు ప్రాణాలు తీసుకునే పరిస్థితి వచ్చి 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అప్పు మొగుడి అవసరానికి, సంతకం పెళ్లాంది. మన కౌన్సెలింగ్ బల్ల ముందు కూర్చున్న ఎంతమంది చేత ఈ మాట విన్నాం!

ఇంకో వాదన ఉంది. పెద్దలు రాసిన నాటకం, అక్షరం ముట్టుకోకూడదని. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకాన్ని మనవాళ్లు ఎప్పుడో ముట్టుకున్నారు. కాటిసీనులో జనం వన్స్‌మోర్ కొట్టేవి జాషువా గారి శ్మశానవాటి పద్యాలు. అవి బలిజేపల్లి వారివి కావు. నటులు తెచ్చి అతికించుకున్నారు, జనం నెత్తిన పెట్టుకున్నారు. కులం పేరుతో అవమానాలు పడ్డ దళిత కవి పద్యాలు, మాతంగ కన్యల్ని పెళ్లాడలేక రాజ్యం వదులుకున్న రాజు నోట పలుకుతున్నాయి. దాంతో నాటకం చెడిందా? వెలిగింది. ఆయన కోసం అన్ని పద్యాలు తెచ్చినవాళ్లు ఆమె కోసం ఒక్కటి తేలేకపోయారు. తేవాలన్న ఆలోచన రాకపోవడానికి కారణం కూడా ఉంది. చాలాకాలం చంద్రమతి ఏడుపు మగవాళ్లే ఏడ్చారు. స్థానం నరసింహారావు గారంతటి నటుడు తొలిసారి కట్టిన వేషం చంద్రమతే అంటారు. 1913లో ఫాల్కే తీసిన రాజా హరిశ్చంద్ర సినిమాలో రాణి కూడా మగవాడే. సురభి వాళ్లు మొదటి నుంచీ తమ ఇంటి ఆడవాళ్ల చేతే వేషాలు వేయించారు, వాళ్లకు దండం పెట్టాలి. 1935 సినిమాలో కన్నాంబ వచ్చింది. ఆడది వేషం కట్టింది గాని మాటలు మాత్రం పాతవే.

మొత్తంగా నిషేధించాలనే దారి నాకు నచ్చదు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి నాటకాన్ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర ఒక కులాన్ని కించపరుస్తోందని. అంతకాలం ఆ నాటకంలో ఆడదాని బతుకు మీద వేసిన మోటు హాస్యం ఎవరినీ కించపరిచినట్టు అనిపించలేదు కాబోలు!

శాలువాల గొడవ అయ్యాక పిల్ల "లోహితుణ్ణి చూడాలి" అని పట్టుబట్టింది. చచ్చిపోలేదని కళ్లారా చూస్తే గాని ఇంటికి రానంది. తెర వెనక్కి వెళ్లాం. లోహితుడు ఒక ఆడపిల్ల. మొహం మీద రంగు అట్లాగే ఉంది, పొట్లంలో పులిహోర తింటూ సగం నిద్రపోతోంది. చంద్రమతి ఆమె తల్లే. తెనాలి వైపు నుంచి వచ్చారట, రాత్రి బండికే తిరిగి పోవాలి. హరిశ్చంద్రుడు వేసినవాళ్లు ఇద్దరు, తొలి భాగానికి ఒకరు, కాటిసీనుకు ఒకరు. వాళ్లలో ఎవరికిచ్చిన దాంట్లోనూ సగం కూడా తనకు రాదని, కూతురికి విడిగా ఏమీ ఇవ్వరని ఆమె చీర మడతపెడుతూ మామూలుగా చెప్పింది. ఈ రెండో సంగతి విని నాకు కాశీ వీధి గుర్తొచ్చింది.

మా పిల్ల తన ప్రశ్న ఆమెనూ అడిగింది. ఆమె నవ్వి, దగ్గరికి తీసుకుని, "నాకూ ఎన్నోసార్లు అనిపించిందమ్మా. కానీ ఆ మాట నా పోర్షన్‌లో లేదుగా" అంది.

రాసిస్తే చదువుతారా అని అడిగాను. కాసేపు ఆలోచించి, పద్యంగా ఉంటే చదువుతానని, వచనం అయితే జనం వినరని, మోహనలో పడేట్టు రాయించమని చెప్పింది. హరిశ్చంద్రుడు వేసేవాళ్లను ఒప్పించడం మాత్రం తన వల్ల కాదంది.

మన పత్రికకు పద్యం రాయగల చెయ్యి ఉన్నవాళ్లు ఉన్నారు. నాకు తెలుసు. నాలుగు పాదాలు చాలు. అమ్మకానికి ముందు, కాశీ వీధిలో, ఆమె ఆయన వైపు తిరిగి అడగాలి. దసరాలకు వాళ్ల సమాజం మళ్లీ ఇటు వస్తుందట. ఈలోగా పంపండి.