ఆదిమానవుని తిండి - మన కంచము

గింజ పండించి బ్రతుకు వారిని గింజ తినవద్దన్నచో మొదట నవ్వు వచ్చును. కాని ఈ సలహా పట్టణములు దాటి పల్లెలలోనికి వచ్చి చాల రోజులైనది. పేలియో ఆహారమని దీనికి పేరు. వరి, గోధుమ, జొన్న, రాగి వంటి ధాన్యములను, పప్పుదినుసులను, పాలు పెరుగులను, పంచదారను విడిచిపెట్టి మాంసము, చేపలు, గ్రుడ్లు, కూరగాయలు, పండ్లు, జీడిపప్పు, బాదము వంటివి మాత్రమే తినవలెనట. వ్యవసాయము పుట్టకమునుపు మానవుడు వేటాడి, ఏరుకొని తిన్నదే మన దేహమునకు సరిపడునని ఈ వాదము చేయువారి నమ్మకము.

మీ ఊరిలో కూడ ఇట్టి నియమము పట్టినవారు ఒకరిద్దరైనను ఉందురు. బరువు తగ్గి హాయిగా తిరుగువారున్నారు. ఆసుపత్రి పాలైనవారును ఉన్నారు. అందుచేత దీనిని గురించి నాకు తోచిన నాలుగు మాటలు మీతో చెప్పదలచినాను. నేను వైద్యుడను కాను. పదేండ్లుగా మధుమేహముతో కాపురము చేయుచున్న రైతును మాత్రమే.

ఈ ఆహారపు కథ అమెరికాలో మొదలైనది. 1975లో వాల్టర్ వోగ్ట్లిన్ అను జీర్ణకోశ వైద్యుడు రాతియుగపు ఆహారమును గురించి ఒక పుస్తకము ప్రకటించినాడు. 1985లో బాయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ అనువారు ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో ఇదే విషయమై వ్యాసము వ్రాసినారు. 2002లో లోరెన్ కార్డెయిన్ అను ఆచార్యుని పుస్తకము వచ్చిన పిమ్మట ఇది దేశదేశాలకు వ్యాపించినది.

ఇంతకు ఆ ఆదిమానవుడు నిజముగా గింజ ముట్టలేదా? గలిలయ సరస్సు ఒడ్డున ఒహాలో అనుచోట 23,000 సంవత్సరాలనాటి గుడిసెలు బయటపడినవి. అక్కడివారు సేద్యము ఎరుగరు. అయినను అడవి బార్లీ గింజలను ఏరి తెచ్చి రాతిమీద నూరి తిన్నారు. మన నంద్యాల జిల్లా జ్వాలాపురములో 74,000 సంవత్సరాలనాటి అగ్నిపర్వతపు బూడిద పొరకు క్రిందను, పైనను రాతి పనిముట్లు దొరికినవి. ఆ మనుష్యులు ఏ ఋతువులో ఏమి దొరికిన అది తినియుందురు గాని, పట్టిక వ్రాసుకొని తినియుండరు. చలి దేశపు వేటగాడు మాంసముతో బ్రతికినాడు. మన నల్లమల చెంచులు దుంపలు, తేనె, ఇప్పపువ్వు, కాయలు ఏరుకొని బ్రతికినారు. ఇద్దరివీ వ్యవసాయము లేని తిండ్లే. ఒకదానికొకటి పోలిక లేదు.

ఇంకొక సంగతి. 1957లో ఆల్చిన్ దొర పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాదు వైపున ఉన్న ఉట్నూరు కాదు) ఒక బూడిద దిబ్బను త్రవ్వినాడు. అది నాలుగువేల యేండ్లకు పైబడిన పశువుల దొడ్డి. పేడ కుప్పలు కాలి బూడిద అయినది. దక్షిణాపథమున ఆ కాలపు గ్రామములలో ఉలవలు, పెసలు, అండుకొర్రల గింజలు దొరికినవి. పశువు, పప్పుగింజ, చిరుధాన్యము - ఈ మూడింటితో మన పెద్దలు అన్ని వేల యేండ్లు కాపురము చేసినారు. కనుక ఉలవచారు, మజ్జిగ మన దేహమునకు పరాయివనుట నాకు సమ్మతము కాదు. పప్పులలో దేహమునకు పడని పదార్థమేదో కలదని కొందరు భయపెట్టుచున్నారు. నానబెట్టి మెత్తగా ఉడికించినచో అది చాలవరకు నశించును. పచ్చి కందిపప్పు ఎవరును తినరు గదా!

మరి ఈ వాదములో సత్యము లేదా? ఉన్నది. ఆ సత్యము ఆదిమానవుని దగ్గర లేదు, మన కంచములో ఉన్నది.

మన తాతల నాడు మెట్ట ప్రాంతములలో వరి అన్నము పండుగ భోజనము. తక్కిన రోజులలో జొన్న, సజ్జ, రాగి, కొర్ర. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. ఆ బియ్యము ఎందరి ఆకలినో తీర్చినది, దానిని తప్పుపట్టువాడను కాను. కాని దానితో జొన్నరొట్టె వెనుకకు పోయినది. తరువాత ట్రాక్టరు వచ్చినది, వరికోత యంత్రము వచ్చినది, పొలము గట్టువరకు మోటారు సైకిలు వచ్చినది. పని తగ్గినది, అన్నపు కుప్ప తగ్గలేదు. పైగా మరలో తెల్లగా పాలిషు పట్టించుకొనుచున్నాము. 2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధనా మండలి వారి సర్వే ప్రకారము దేశములో 10.1 కోట్ల మందికి మధుమేహము కలదు. అదే సర్వేలోని ఆహార వివరములు 2025లో వెలువడినవి. మనము తిను శక్తిలో 62 శాతము పిండిపదార్థముల నుండియే వచ్చుచున్నదట. ధాన్యముల నుండి వచ్చు శక్తి 45 శాతము మించరాదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సలహా ఇచ్చినది. 2,000 కేలరీల భోజనమునకు లెక్క వేయగా రోజుకు ధాన్యము 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు. ఈ రోజు మీ ఇంట తలకు ఎంత బియ్యము పోసినారో ఇంటివారిని అడిగి చూడుడు.

చిరుధాన్యములు తినువారికి ఒక హెచ్చరిక చేయవలసియున్నది. వంద గ్రాముల తెల్ల బియ్యములో పిండిపదార్థము 78 గ్రాములు. జొన్నలలో 68, రాగులలో 67. పీచు, ఖనిజ లవణముల విషయములో రాగి, జొన్న మేలైనవే. అయితే వరి మాని అంతే పరిమాణములో రాగిసంకటి తిన్నవానికి చక్కెర తగ్గవలెనన్న నియమము లేదు. 2025 నాటి ఆ పరిశోధన కూడ ఇదే తేల్చినది: మొత్తము పిండిపదార్థమును తగ్గించక ఒక ధాన్యము స్థానములో మరొకటి వేసినంత మాత్రమున మధుమేహపు ముప్పు తగ్గలేదు. తగ్గించిన అన్నము స్థానములో పప్పు, పాల వంటి మాంసకృత్తులు చేరినప్పుడు తగ్గినది. తెలంగాణ సోనా అన్నము చక్కెరను నెమ్మదిగా పెంచునని పేరు. మంచిదే. అది కూడ రెండు కుప్పలు తిన్నచో ఆ పేరు మనలను కాపాడదు.

ఇక మా ఇంట జరిగిన సంగతి చెప్పెదను. మా పెదనాన్నగారి కుమారుడు నాకంటె ఆరేండ్లు పెద్ద. మధుమేహమునకు బిళ్ళలు వాడుచున్నాడు. ఎవరో చెప్పగా ఒక సోమవారమునాడు అన్నము, రొట్టె, పప్పు అన్నీ ఒక్కసారిగా మానివేసి గ్రుడ్లు, మాంసము, కూరలు మాత్రము తిన మొదలిడినాడు. బిళ్ళలు మాత్రము పాత మోతాదులోనే మ్రింగినాడు. గురువారము పదకొండు గంటల వేళ బోరు దగ్గర చెమటలు పట్టి, చేతులు వణకి, మాట తడబడి కూలబడినాడు. అదృష్టవశాత్తు మా వదిన అప్పుడే టీ తెచ్చినది. బెల్లము కలిపిన నీళ్ళు త్రాగించగా తేరుకొన్నాడు. సాయంకాలము నేను పోయినప్పుడు, "ఏరా, తిండి సంగతి చెప్పినవాడు బిళ్ళల సంగతి ఎందుకు చెప్పలేదురా?" అని అడిగినాడు. నాకు జవాబు తోచలేదు.

కారణము వైద్యుడు తరువాత చెప్పినాడు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి బిళ్ళలు, ఇన్సులిన్ సూదిమందు, మనము తిన్నను తినకున్నను చక్కెరను దించును. పిండిపదార్థము హఠాత్తుగా తగ్గించినచో మోతాదును కూడ వైద్యుడే తగ్గించవలెను. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అను బిళ్ళలు వాడువారు అన్నము పూర్తిగా మానినచో రక్తములో ఆమ్లము పెరిగి ప్రాణము మీదికి రావచ్చును. మూత్రపిండముల జబ్బు ఉన్నవారు, గర్భిణీలు, ఎదుగు పిల్లలు ఇట్టి ప్రయోగముల జోలికి పోరాదు. బిళ్ళలు మీ అంతట మీరు మానుట అంతకంటె ప్రమాదము.

మరి మీకు సరిపడునది ఏదో ఎట్లు తెలియును? ఈ విద్య రైతునకు క్రొత్తది కాదు. క్రొత్త వంగడము వచ్చినప్పుడు మీరు పొలమంతా వేయరు. ఒక మడిలో వేసి, ప్రక్క మడిలో పాత విత్తనమే ఉంచి చూచెదరు. విత్తనము, ఎరువు, నీరు మూడింటిని ఒకేసారి మార్చినచో దిగుబడి దేనివలన పెరిగినదో తెలియదు. తిండి విషయములోను అంతే. మొదటి వారము ఏమియు మార్చక, తిన్నది తిన్నట్లు ఒక పుస్తకములో వ్రాయుడు. పరగడుపున ఒకసారి, భోజనము మొదలుపెట్టిన రెండు గంటలకు ఒకసారి వ్రేలి చుక్కతో చక్కెర చూచి ప్రక్కన వ్రాయుడు. మధుమేహము ఉన్నవారికి భోజనానంతరము 180 లోపు ఉండుట సామాన్యముగా లక్ష్యము. మీకెంత ఉండవలెనో మీ వైద్యుడు చెప్పవలెను. రెండవ వారము నుండి ఒక పూట, ఒక్క మార్పు. మధ్యాహ్నపు అన్నము సగము చేసి ఆ చోట ఆకుకూర పప్పు గాని, రెండు గ్రుడ్లు గాని, చేపల కూర గాని చేర్చుడు. ముందు కూర, పప్పు తిని అన్నము చివరకు ఉంచుకొనుట కూడ ఒక మార్పే. రెండు వారములు చూచి తరువాతిది మార్చుడు. చక్కెర జబ్బు లేనివారు నడుము కొలత చూచుకొన్న చాలును. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. దుక్కి రోజులకు, ఖాళీ రోజులకు ఒకే కొలత పెట్టుకొనవద్దు. కోతల కాలములో నాట్ల కూలికి పోవు మనిషికి అన్నము కావలెను. అతనికి నా పట్టిక పనికిరాదు.

డబ్బు సంగతి కూడ చెప్పవలెను. దినము మాంసము, బాదము కొని తినుట ఎందరికి సాధ్యము? ఉలవలలోను, కందిపప్పులోను వందకు 21 పాళ్ళకు పైగా మాంసకృత్తులున్నవి. గట్టుమీద కంది, పెరటిలో మునగ, నాలుగు కోళ్ళు ఉన్న ఇంట ఈ ప్రయోగమునకు ఖర్చు పెద్దగా కాదు. పేలియోవారు పప్పు వద్దన్నందున వీనిని వదలుకొనుట తెలివైన పని కాదు. వారు పంచదార, మైదా, పొట్లములలోని చిరుతిండ్లు, సీసా పానీయములు వద్దన్న మాటకు మాత్రము నేను చేయెత్తి మ్రొక్కుదును.

గ్రామ కార్యదర్శులకు, విస్తరణ సిబ్బందికి ఒక మనవి. ముప్పది యేండ్లు దాటినవారికి రక్తపోటు, చక్కెర పరీక్షలు ఆరోగ్య ఉపకేంద్రములలో ఉచితముగా చేయుచున్నారు. రైతు సమావేశము పెట్టిన రోజున ఆశా కార్యకర్తను, నర్సమ్మను కూడ పిలిచినచో విత్తనముల కొరకు వచ్చినవారు పరీక్ష కూడ చేయించుకొని పోవుదురు.

నా పుస్తకములో రెండు కుప్పల అన్నమునకు 210 చూపినది. ఒక గరిటెడు అన్నము, తోటకూర పప్పు, ఒక గ్రుడ్డు తిన్ననాడు 160 దాటలేదు. రాగిసంకటి నాకు అచ్చిరాలేదు, దానికి కూడ 200 వచ్చినది. మా అన్నగారికి మాత్రము బిళ్ళల మోతాదు సవరించిన తరువాత చిన్న సంకటి ముద్ద, ఉలవచారు బాగా సరిపడినవి. ఇప్పుడు ఆయన పుస్తకము వ్రాయుట నాకంటె శ్రద్ధగా చేయుచున్నాడు. మొన్న సంక్రాంతినాడు అరిసె తిన్న సంగతి కూడ వ్రాసి, ఎదురుగా అంకె మాత్రము వేయలేదు.