గన్నవరం ప్రణాళిక

గన్నవరం విమానాశ్రయం బయట తరచూ వినబడే మాట: "అక్కా, లోపల అడిగితే చుట్టాల్ని చూడ్డానికి పోతున్నానని చెప్పు." చెప్పేవాడు సబ్ ఏజెంటు. వినేది గల్ఫ్‌లో పనికి పోతూ కోనసీమ నుంచి తెల్లారకముందే కారెక్కి వచ్చిన మనిషి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాస్‌పోర్టు, విజిట్ వీసా. ఆ ఒక్క అబద్ధంతో ఆమె చట్టం లెక్కలోంచి జారిపోతుంది. ప్రభుత్వ వలస పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో పేరుండదు, ఒప్పందం ఉండదు, 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా ఉండదు. రేపు యజమాని జీతం ఎగ్గొడితే, ఆమె అక్కడ పనిచేస్తోందనడానికే మన దగ్గర రుజువుండదు.

అందుకే సంఘంగా కూడుతున్నాం. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లం, వెళ్లినవాళ్ల తల్లులం, భర్తలం, పిల్లలం.

1983 నాటి వలసల చట్టం ఉంది. రిజిస్ట్రేషన్ లేనివాడు మనుషుల్ని పంపకూడదు. ఉన్నవాడు కూడా జీఎస్టీ కాక 30,000 రూపాయలకు మించి తీసుకోకూడదు. పదో తరగతి పాసవని ఆడవాళ్లు గల్ఫ్ ఇళ్లలో పనికి పోవాలంటే 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ సంస్థ ద్వారానే పోవాలి. మన రాష్ట్రంలో అది ఓంక్యాప్. బిగించిన కొద్దీ దొంగదారి వెడల్పవుతుందని మాత్రం ఢిల్లీకి ఎవరూ చెప్పినట్టు లేదు.

మా మొదటి పట్టు: ప్రతి గ్రామ సచివాలయంలో వలస రిజిస్టరు. ఎవరు, ఏ దేశం, ఏ పని, పంపింది ఎవరు, ఎంత తీసుకున్నాడు, అప్పు ఎక్కడ చేశారు. ఒప్పందం తెలుగులో చదివి వినిపించాకే సంతకం. రిజిస్టరు ప్రయాణం ఆపడానికి కాదు. ఆపే అధికారం ఇస్తే ఆ రిజిస్టరు బల్ల దగ్గరే కొత్త ఏజెంటు పుట్టుకొస్తాడు.

రెండోది: గన్నవరం టెర్మినల్ గుమ్మం ముందే ఓంక్యాప్ సహాయ కేంద్రం, విమానం ఉన్న ప్రతి వేళా.

1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక లక్షా 70 వేల మందికి పైగా భారతీయుల్ని విమానాల్లో తెచ్చారు. 2020 మేలో, కోవిడ్ లాక్‌డౌన్‌లో, కువైట్ నుంచి మనవాళ్లను తెచ్చిన వందే భారత్ విమానం ఇక్కడే దిగింది. మనుషులు దిగాక తలలు లెక్కపెట్టుకునే పద్ధతి ఇక వద్దు.

అదే మే నెలలో మన హైవే మీద ఒడిశా, బీహార్ కూలీలు ఎండలో నడిచిపోయారు. కాబట్టి మన ఇటుక బట్టీల్లో పనిచేసే పొరుగు రాష్ట్రాలవాళ్ల పేర్లూ ఆ రిజిస్టరులోనే ఎక్కాలి. ఈ మాట మాలో కొందరికి రుచించలేదు. అయినా తీసేయడం లేదు.

ఏజెంటు దగ్గర కమీషన్ తిన్నవాళ్లకు సభ్యత్వం లేదు, సొంత అన్నదమ్ములైనా సరే.