ఇల్లు వచ్చింది, భయం పోలేదు

వేలూరు పక్కనున్న మేల్మొణవూరులో శ్రీలంక తమిళుల శిబిరానికి 2021 నవంబరులో కొత్త ఇళ్ల పునాదిరాయి పడింది. 2023 సెప్టెంబరులో ముఖ్యమంత్రి స్టాలిన్ అక్కడికే వచ్చి ఇళ్లను ప్రారంభించారు. 'శరణార్థి శిబిరం' అన్న పేరు పోయి 'పునరావాస శిబిరం' అయింది. నెలసరి సాయం కుటుంబ పెద్దకు 1,500 రూపాయలు, మిగతా పెద్దలకు 1,000, పిల్లలకు 500 అయింది. రేకుల కింద ముప్పయ్యేళ్లు బతికినవాళ్లకు సిమెంటు కప్పు చిన్న విషయం కాదు. అయితే ఆ ఇళ్లలోకి వెళ్లినవారిలో కొందరు చిత్రహింసలు తప్పించుకుని వచ్చినవారు. వారి సంగతి గోడలు, కప్పులతో తేలేది కాదు.

తమిళనాట నూరుకు పైగా శిబిరాల్లో సుమారు 58 వేల మంది ఉన్నారు. వీరందరూ దెబ్బలు తిన్నవారు కారు. చాలామంది యుద్ధానికి భయపడి పడవ ఎక్కినవారు, చాలామంది పిల్లలు ఇక్కడే పుట్టినవారు. కానీ 1979లో శ్రీలంక తెచ్చిన ఉగ్రవాద నిరోధక చట్టం కింద పట్టుబడినవారి కథ వేరు. మామూలు చట్టంలో పోలీసుల ముందు ఒప్పుకోలు సాక్ష్యం కాదు. ఆ చట్టంలో మాత్రం పై అధికారి ముందు చెప్పింది సాక్ష్యమవుతుంది. కాగితం మీద సంతకం చాలన్నప్పుడు ఆ సంతకం ఎలా రాబడతారో ఊహించడం కష్టం కాదు. 1983 జులైలో వెలికడ జైల్లో రెండు రోజుల్లో 53 మంది తమిళ ఖైదీలను చంపేశారు. జైలు గోడల మధ్య కూడా ప్రాణానికి భరోసా లేదని తెలిశాక జనం సముద్రం వైపు చూశారు.

భాషాల్పసంఖ్యాక బడుల వాళ్లం మనం దీని మొదలు కూడా గమనించాలి. 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అన్నారు. ఆ తర్వాత విశ్వవిద్యాలయ ప్రవేశాల మార్కుల్లో తేడాలు పెట్టారు. 1981లో యాళ్పాణం గ్రంథాలయం తగలబెట్టారు, సుమారు 97 వేల పుస్తకాలు బూడిదయ్యాయి. మన పాఠ్యపుస్తకాల ఆలస్యాన్ని, టీచరు ఖాళీలను దానితో తూచడం న్యాయం కాదు. అయినా బడి భాష మీద మొదలైన తగవు ఎంత దూరం పోగలదో మనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

వేలూరుకు ఇంకో జ్ఞాపకం ఉంది. కోటలోని టిప్పు మహల్‌ను శ్రీలంక పోరాట సంస్థల వారికి 'ప్రత్యేక శిబిరం' చేశారు. 1995 ఆగస్టులో 43 మంది పులులు అక్కడినుంచి సొరంగం తవ్వుకుని పారిపోయారు. 1991లో రాజీవ్ గాంధీ హత్యతోనే మొదలైన అనుమానపు చూపు దాంతో మరింత ముదిరింది. ఆ చూపు ఆయుధం పట్టినవాడినీ, వాడి చేతిలోనో సైన్యం చేతిలోనో నలిగినవాడినీ ఒకే గాటన కట్టింది.

మనసు గాయానికి వైద్యం చేసేవాళ్లంతా మొదట చెప్పే మాట ఒకటే: ముందు భద్రత, ఆ తర్వాతే మిగతావి. రేపు వెనక్కి పంపేస్తారేమో అనుకునే మనిషికి నిద్రమాత్ర ఎంతవరకు పనిచేస్తుంది? ఇక్కడే మన చట్టం కుంటుతోంది. చిత్రహింసల వ్యతిరేక ఒడంబడికపై భారతదేశం 1997లో సంతకం చేసింది, ఇప్పటికీ ఆమోదించలేదు. 2010లో లోక్‌సభ దాటిన బిల్లు రాజ్యసభలో ఆగి మురిగిపోయింది. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమే లేదు. 2019 పౌరసత్వ సవరణలో శ్రీలంక లేదు. 2025 మేలో ఒక శ్రీలంక తమిళుడు, జైలుశిక్ష పూర్తయినవాడు, తిరిగి పంపితే చిత్రహింసలు పెడతారని సుప్రీంకోర్టుకు వెళితే, దేశం ధర్మశాల కాదని ధర్మాసనం అంది. అతను ఉపా చట్టం కింద శిక్షపడినవాడు, నిజమే. కానీ నేరానికి శిక్ష వేరు, హింసించే చోటికి తోలడం వేరు. ఆ రెండో ప్రశ్నకు అక్కడ జవాబు దొరకలేదనే నా అభిప్రాయం. అదే ఏడాది సెప్టెంబరులో కేంద్రం కొంత ఊరట ఇచ్చింది. 2015 జనవరి 9 లోపు వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకు పాస్‌పోర్టు, వీసా లేనందుకు శిక్ష ఉండదు. పౌరసత్వం మాత్రం ఆ ఉత్తర్వులో లేదు.

వైద్యం వైపు వేలూరుకు ఒక అదృష్టం ఉంది. బాగాయంలోని సీఎంసీ మానసిక వైద్య కేంద్రంలో రోగితో పాటు ఇంటివారిని కూడా ఉంచుకుని చూడడం దశాబ్దాల అలవాటు. చిత్రహింస మనిషిని ఒంటరిని చేస్తుంది కాబట్టి, ఇంటివాళ్లు పక్కనుండే వైద్యం వీరికి మరింత అవసరం. ఇక 1984లో చంద్రహాసన్ మొదలుపెట్టిన ఈళ శరణార్థుల పునరావాస సంస్థ శరణార్థుల్లోంచే సలహాదారులను తయారుచేసింది. అదే యాస, అదే ఊరి గుర్తులు ఉన్న మనిషి ముందు నోరు తెరవడం సులువు.

గుడియాత్తం చుట్టుపక్కల ఒకే ప్రాంగణంలో తెలుగు, తమిళ సెక్షన్లు నడిచే బడుల్లో శిబిరపు పిల్లలు తమిళ సెక్షన్‌లో కనబడవచ్చు. దెబ్బ తిన్నది తండ్రో తాతో అయినా ఆ ఇంటి నిశ్శబ్దం పిల్లవాడితో బడికొస్తుంది. 'మా నాన్న', 'మా సొంతూరు' అన్న వ్యాసాలు మనకు మామూలే. వాళ్లకు మాత్రం ఆ అంశాన్ని ఐచ్ఛికం చేయండి. బడికి పోలీసు అధికారిని పిలిచే రోజు, దీపావళి టపాసుల రోజు ముందే చెప్పి ఉంచండి. తలుపు దగ్గరి బెంచీలో కూర్చుంటానంటే కారణం అడక్కండి. తల్లిదండ్రుల సమావేశానికి రాని తండ్రికి బాధ్యత లేదని రిజిస్టరులో రాసేయకండి. వరుసలో నిలబెట్టి పేర్లు పిలవడమే అతనికి గిట్టకపోవచ్చు. శిబిరాల్లో తలల లెక్కింపు ఇప్పటికీ ఉంది. అందరి ఎదుట గుచ్చి గుచ్చి అడగకుండా, సాయంత్రం బడి వదిలాక ఒక్కడినే కూర్చోబెట్టి పిల్లవాడి లెక్కల మార్కుల గురించి మాట్లాడండి. మిగతాది అతను చెప్పదలచుకున్న రోజు చెబుతాడు. ఎవరితో చెప్పాలో తెలియకపోతే బాగాయం దారి చూపించండి.