మాల్‌గాడీల ఊరిలో మాల్

ఖరగ్‌పూరులో 'మాల్' అన్న మాటకు రెండర్థాలున్నవి. రైల్వే క్వార్టర్లలో పెరిగినవారికి మొదట స్ఫురించేది మాల్‌గాడీ. ఆ తరువాత లారీ మీదనుంచి దింపే మాలు, అనగా సరకు. అరబ్బీలో పుట్టి, పారశీకం మీదుగా హిందీలోకి, వంగభాషలోకి నడచివచ్చిన మాట అది. గాజు తలుపులూ చల్లగాలీ గల రెండవ 'మాల్' వంశవృక్షం పూర్తిగా వేరు. పదిహేడవ శతాబ్దిలో లండను నగరంలో కొయ్యసుత్తితో బంతిని కొట్టే 'పాల్ మాల్' అనే ఆట ఆడిన చోటికి 'ది మాల్' అన్న పేరు నిలిచిపోయింది. ఆటస్థలం విహారస్థలమైనది, ఆ పేరే సముద్రం దాటి అమెరికాలో అంగళ్ళ సముదాయానికి వచ్చింది. అనువాదం వృత్తిగా గల నాకు ఈ ఇద్దరు అపరిచితులూ మా ఊరిలో ఒకే పేరుతో ఎదురుపడడం వినోదంగా ఉంటుంది. మా ఇంట్లో మాత్రం ఈ విషయం వినోదం కాదు, వివాదం. నెలసరి సరకులు ఎక్కడ కొనవలెనన్న ప్రశ్నకు మా అమ్మది ఒక సమాధానం, మా అమ్మాయిది మరొకటి. మధ్యనున్న నేను తీర్పు చెప్పవలసి వచ్చింది.

దూరప్రాంతాల పాఠకుల కోసం ఊరిని గురించి కొంత చెప్పాలి. ఖరగ్‌పూర్ హౌరా నుంచి 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న జంక్షను. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఆ శతాబ్ది చివర ఇక్కడ స్టేషను కట్టి, మరికొద్ది ఏళ్ళకు పెద్ద వర్క్‌షాపును నెలకొల్పింది. ఇక్కడి 1072 మీటర్ల ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదని మేము బడిలో గర్వంగా అప్పజెప్పేవారము. 2013లో గోరఖ్‌పూరు, 2023లో హుబ్బళ్ళి ఆ గర్వాన్ని అణచివేసినవి. 1902లో వాల్తేరు నుంచి కటకం వరకు గల తీరమార్గం కూడా ఆ కంపెనీ చేతికి వచ్చింది. ఆ పట్టాల వెంటనే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలవారు పనికోసం ఇక్కడికి చేరారు. కూలీలుగా వచ్చినవారి బిడ్డలు ఫిట్టర్లయ్యారు, ఆ ఫిట్టర్ల బిడ్డలు గుమాస్తాలయ్యారు. 1951లో ఊరి పక్కన హిజ్లీలో, స్వాతంత్ర్య పోరాటకాలపు నిర్బంధ శిబిరం భవనంలో, దేశంలోని మొదటి ఐ.ఐ.టి. ఆరంభమైనది. కనుక ఇది రెండు ముఖాల ఊరు. ఒక ముఖానికి ఇంజను మసి, మరొకదానికి కళ్ళజోడు. అంగళ్ళు కూడా ఆ ప్రకారమే ఏర్పడినవి.

పురాతన్ బజార్‌ను గురించి చెప్పడానికి ఎక్కువ లేదు; పేరులో ఉన్నంత పురాతనత్వం అక్కడి ధరలలో లేదు. ఖరీదా అని ఒక పేట ఉన్నది. తెలుగువారికి ఆ పేరు విన్నంతనే జేబు తడుముకోవాలనిపిస్తుంది గాని, నిజానికి అక్కడ కొనుగోలుదారుకు భయపడవలసినదేమీ లేదు. కూరగాయలకు గేట్ బజార్ మంచిది, పెందలకడనే పోగలిగితే. ఐ.ఐ.టి. ఆవరణలోని టెక్ మార్కెట్ విద్యార్థుల అవసరాలకు కుదిరిన అంగడి. కాగితం, కలం, జిరాక్సు, సైకిలు మరమ్మతు, అర్ధరాత్రి ఆకలికి కావలసిన బిస్కట్లు అక్కడ దొరుకుతవి. అయితే అక్కడి కొనుగోలుదారులు నాలుగైదేళ్ళకొకసారి మారిపోతారు. నేను వ్రాతప్రతులు ముద్ర తీయించుకొనడానికి అక్కడికే పోతాను. పప్పు కొనడానికి ఎన్నడూ పోలేదు.

ఇక అసలు పోటీదారులు ఇద్దరు: ఇందాలో ఓ.టి. రోడ్డు మీద, మలంచా రోడ్డు మీద ఇటీవలి సంవత్సరాలలో వెలసిన గాజు తలుపుల పెద్ద దుకాణాలు ఒకవైపు, గోల్ బజార్ మరొకవైపు.

గాజు తలుపుల పక్షాన ముందుగా వాదిస్తాను, ఎందుకంటే వాటిని తిట్టడం రచయితలకు మరీ సులభమైన పని. వైశాఖమాసంలో ఖరగ్‌పూరు ఎర్రమట్టి నేల పెనంలా కాలుతుంది. అటువంటప్పుడు చల్లని గదిలో, ఎవరూ తోయకుండా, ఎవరూ కేకలు పెట్టకుండా, అట్టపెట్టె మీది అక్షరాలు చదువుకొంటూ సరకు ఎంచుకొనడం సుఖమే. ధర ముద్రించి ఉంటుంది. ముఖం చూసి మారదు. బేరమాడడం రానివారు, బేరమాడడానికి సిగ్గుపడేవారు మోసపోరు. అన్నిటికంటె ముఖ్యం, స్త్రీలకు మరుగుదొడ్డి ఉంటుంది. సంతలను, బజార్లను వర్ణిస్తూ పరవశించిపోయే రచయితలలో ఎక్కువమంది మగవారు కావడానికీ, వారి వర్ణనలలో ఈ ఒక్క వస్తువు ప్రస్తావన లేకపోవడానికీ సంబంధం ఉన్నదని నా నమ్మకం. మా అమ్మాయి వాదన కూడా ఇదే: "అక్కడ నన్నెవరూ తేరిపార చూడరు నానా." ఈ మాటకు నా వద్ద జవాబు లేదు.

మాల్ అన్నది దురాశాపరుల కల్పన అనుకొనడం కూడా పొరపాటు. ఇప్పటి రూపంలోని మాల్‌కు పితామహుడు విక్టర్ గ్రూయెన్ అనే వాస్తుశిల్పి. 1903లో వియన్నాలో పుట్టిన యూదుడు. హిట్లరు ఆస్ట్రియాను ఆక్రమించుకొన్న 1938లో అమెరికాకు తరలిపోయాడు. కార్లలో తప్ప కాలు కదపని అమెరికా శివారు ప్రాంతాలను చూసి ఆయన దిగులుపడ్డాడు. మనుషులు నడుస్తూ, ఆగుతూ, ఒకరినొకరు పలకరించుకొనే వియన్నా కూడలిని అక్కడ పునఃసృష్టి చేయదలచాడు. అలా 1956లో మినియాపొలిస్ సమీపాన తెరచినది 'సౌత్‌డేల్'. నాలుగు గోడల మధ్య, కప్పు కింద, చలికీ ఎండకూ అతీతమైన అంగళ్ళ సముదాయం. ఆయన ఆశించిన బడులు, ఇళ్ళు, ఉద్యానాలు చుట్టూ రాలేదు. అంగళ్ళు, కార్లు నిలిపే మైదానాలు మాత్రం వచ్చినవి. జీవితపు చివరి సంవత్సరాలలో తిరిగి వియన్నా చేరిన గ్రూయెన్, తన పేర పెరిగిన ఆ సంతానాన్ని బహిరంగంగా కాదన్నాడు. 1980లో కన్నుమూశాడు. నాకు ఈ కథలో ఆసక్తి కలిగించేది ఆయన పరాజయం కంటె ఆయన కోరిక. కూడలి కావాలని ఆయన మాల్ కట్టాడు. మాకు ఆ కూడలి ముందే ఉన్నది.

గోల్ అంటే గుండ్రనిది. తెలుగు చెవికి మాత్రం అది 'గోల బజార్'గానే వినబడుతుంది, ఆ అర్థం కూడా తప్పు కాదు. ఒక సందులో బట్టలు, ఒక సందులో స్టీలు సామాను, ఇంకొక మలుపు తిరిగితే కిరాణా, అటుపైన చేపలు. దారి తెలియనివారు రెండుసార్లు అదే చెప్పుల దుకాణం ముందుకు వస్తారు. అమ్మేవారు బెంగాలీ, తెలుగు, ఒడియా, హిందీ, పంజాబీ, గుజరాతీ మాటలాడేవారు, కొనేవారూ అంతే. ఇక్కడ ఒక్క భాషతో పూట గడవదు. సొరకాయను బెంగాలీలు 'లావు' అంటారు. అత్తవారింటికి కొత్తగా వచ్చిన తెలుగు కోడలితో కూరగాయల మనిషి "లావు, లావు" అని పదేపదే అంటే ఆమె ఏమనుకొంటుందో ఊహించుకోండి. బీరకాయ 'ఝింగే', చింతపండు 'తెంతుల్'. వర్షాకాలంలో గోదావరి జిల్లాలవారు పుస్తెలమ్మి అయినా తినవలెనని చెప్పుకొనే పులస, ఇక్కడ 'ఇలిష్' అన్న పేరుతో బెంగాలీవారి చేత అంతే పిచ్చిగా బేరమాడబడుతుంది. చేప ఒకటే, నది వేరు, పేరు వేరు. నిఘంటువులలో నాకు దొరకని అనేక పర్యాయపదాలు గోల్ బజారులో తడిగోనె మీద దొరికినవి.

గోంగూర, మినపగుళ్ళు, ఇడ్లీ రవ్వ, నువ్వులనూనె, ఎండుచేపలు ఇక్కడ తెలుగులోనే అడిగి తెచ్చుకోవచ్చు. మా అమ్మ పోయే కిరాణా కొట్టువాని తాత టెక్కలి వైపు నుంచి వచ్చాడట. అమ్మ పది రోజులు కనబడకపోతే అతడు, "ఏటి పిన్నీ, మొన్న ఆదివారం రానేదేటి? ఒంట్లో బాగోనేదా?" అంటాడు. ఆ వాక్యంలో శ్రీకాకుళపు యాస నూరేళ్ళుగా ఉప్పులో ఊరిన కాయలాగ చెడకుండా ఉన్నది. గాజు తలుపుల దుకాణంలో కూడా యంత్రం ఆమెకు సందేశం పంపుతుంది. ఆమె ఇరవై రోజులుగా కొనుగోలు చేయలేదనీ, చేస్తే తగ్గింపు ఉన్నదనీ. రెండింటికీ ఉద్దేశం వ్యాపారమే, కాదనను. కాని మోకాళ్ళ నొప్పి ఎలా ఉన్నదో రెండవది అడగదు.

నా తీర్పు అసలు ఆధారపడినది మాత్రం యాస మీద కాదు, ఎర్రట్ట ఖాతాపుస్తకం మీద.

రైల్వే ఊరిలో కాలాన్ని కొలిచేది పంచాంగం కాదు, జీతాల రోజు. జీతానికి ముందు వారం ఇళ్ళలో డబ్బు ఉండేది కాదు. బియ్యం ఉండేది, ఎందుకంటే కొట్టులో ఖాతా ఉండేది. జీతం అందిన సాయంత్రం గోల్ బజారులో నడవడానికి చోటుండేది కాదు. ఈ ఖాతా ఎంత బలమైనదో తెలిసినది సమ్మెలలో. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు సమ్మె కొత్తది కాదు. తరువాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1928లో వారి పక్షాన నిలిచి పోరాటం నడిపినవారే. 1974 మేలో దేశమంతటా రైల్వే కార్మికులు ఇరవై రోజులు సమ్మె చేసినప్పుడు మా నాన్నగారు వర్క్‌షాపులో కొత్తగా చేరిన యువకుడు. నేనింకా పుట్టలేదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని ఆ రోజులలో ఇంటికి బియ్యమూ కందిపప్పూ ఖాతా మీదనే వచ్చినవని ఆయన చివరిదాకా చెప్పుకొనేవారు. కొట్టు యజమాని దాత కాడు. లెక్క ప్రతి పైసా వ్రాసుకొన్నాడు, తరువాత ప్రతి పైసా వసూలు చేసికొన్నాడు. కాని జీతం వస్తుందన్న హామీ లేని మనిషికి, అతని తండ్రిని ఎరిగి ఉన్నందువలన, సరకు ఇచ్చాడు. ఏ గాజు తలుపుల దుకాణంలోని గణనయంత్రమూ ఆ లెక్క వేయలేదు. దానికి నా కార్డులో నిలువ ఎంతో తెలుసు. నా తండ్రి ఎవరో తెలియదు.

ఇంత చెప్పిన తరువాత గోల్ బజార్ లోపాలను దాచడం న్యాయం కాదు. వానాకాలంలో కాలువ ఏదో దారి ఏదో తెలియదు. వృద్ధులు కూర్చునేందుకు ఒక బల్ల లేదు. తలపైన అల్లుకొన్న విద్యుత్తు తీగలు చూసినప్పుడల్లా నాకు కలకత్తా న్యూ మార్కెట్ జ్ఞాపకం వస్తుంది. ఈస్ట్ ఇండియన్ రైల్వే వాస్తుశిల్పి బేయ్న్ రూపొందించగా 1874 జనవరి 1న ప్రారంభమైన ఆ గొప్ప కట్టడంలో ఒక భాగం 1985 డిసెంబరులో అగ్నికి ఆహుతి అయినది. మాది అంతటి కట్టడమూ కాదు, కాలిపోతే తలచుకొనేవారూ తక్కువ. పైగా నేల రైల్వేది. అక్కడి వర్తకులు మూడు తరాలుగా కూర్చున్నా భూమికి యజమానులు కారు, అనుమతిపత్రంతో ఉన్నవారు. తనది కాని నేల మీద ఎవరు పక్కా కప్పు వేస్తారు? బజారు ఇంత చిందరవందరగా ఉండడానికి వర్తకుల నిర్లక్ష్యం కంటె ఈ అస్థిరత్వమే పెద్ద కారణమని నా అభిప్రాయం. మరుగుదొడ్డి, మంచినీరు, తీగల భద్రత కోసం రైల్వేవారూ పురపాలకసంఘమూ ఒకచోట కూర్చుంటే చాలు. మా అమ్మాయి వాదనలో సగం బలం తగ్గుతుంది.

మరొక సంగతి ఉన్నది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. ఖరగ్‌పూరు తెలుగువారి చిరకాలపు కోరిక అది. మా వాడలలో సంతోషించారు. అయితే హోదా కాగితం మీద ఉంటుంది, భాష నోటిలో ఉండాలి. మా అమ్మాయి తెలుగు మాటలాడుతుంది గాని చదవడం కష్టం. బడిలో ఆమెకు ఇంగ్లీషు, హిందీ, బెంగాలీ. ఇంటి వెలుపల తెలుగు మాటలాడినందువలన ఆమెకు పని జరిగే చోటు ఈ ఊరిలో ఒక్కటే మిగిలినది. ఆ కొట్టువాని కొడుకు బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగంలో ఉన్నాడు. తిరిగి వచ్చి తూకం పట్టుకొనడు, పట్టుకొనమని తండ్రి అడగనూ అడగడు. కొట్టు మూతపడితే గోంగూర మరొకచోట దొరుకుతుంది. "రానేదేటి" అన్న మాట దొరకదు.

కనుక నా తీర్పు ఇది. మండుటెండల రెండు నెలలూ సబ్బులు, నూనెలు, పొట్లాల సరకులు అమ్మాయి ఇష్టప్రకారం గాజు తలుపుల వెనుక కొనవచ్చు. కాగితాలకు టెక్ మార్కెట్. దసరా బట్టలు, సంక్రాంతి సరకులు, చింతపండు, చేపలు, ప్రతినెలా బియ్యం పప్పులు గోల్ బజారులో. అమ్మ మెట్లెక్కలేదు కనుక రిక్షా బజారు మొదటి మలుపు దాకా పోవాలి. జాబితాను అమ్మ తెలుగులో చెబుతుంది, అమ్మాయి వ్రాసుకోవాలి. తెలుగు లిపిలోనే వ్రాయాలన్నది నేను చేర్చిన షరతు. మొన్నటి జాబితాలో మినపగుళ్ళు 'మినపగుల్లు' అయినవి. కొట్టువాడు చదువుకొని, తప్పు దిద్దకుండా, రెండు కిలోలు తూచి ఇచ్చాడు.