తప్పనిసరి పాఠంతో చిన్నచూపు పోదు

'మీ ఇంగ్లిష్ చాలా బాగుందే!' 'ఇంతకీ మీది అసలు ఏ దేశం?' 'మీ పేరు నోరు తిరగడం లేదు, పొట్టిగా ఏమని పిలవమంటారు?' అమెరికా ఆఫీసుల్లో తెలుగువాళ్లకు ఇవి కొత్త మాటలు కావు. నల్లజాతివారు రోజూ భరించే ఇలాంటి చిన్నచూపుకు హార్వర్డ్ మానసిక వైద్యుడు చెస్టర్ పియర్స్ 1970లోనే మైక్రోఅగ్రెషన్ అని పేరు పెట్టారు. నొప్పి నిజం. దానికి కంపెనీలు వేస్తున్న మందే పనికిరానిది.

ఆ మందు తప్పనిసరి వైవిధ్య శిక్షణ. ఏ మాట అనకూడదో, ఎవరైనా అంటే ఎలా స్పందించాలో స్లైడ్లు చూపించి, హాజరు వేసుకుని పంపేస్తారు. దీనివల్ల ఒరిగిందేమిటో సామాజిక శాస్త్రవేత్తలు ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కాలెవ్ లెక్క తీశారు. 800కు పైగా అమెరికన్ కంపెనీల మూడు దశాబ్దాల వివరాలు పరిశీలించి 2016లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశారు. మేనేజర్లకు వైవిధ్య శిక్షణ తప్పనిసరి చేసిన ఐదేళ్లకు మేనేజర్లలో నల్లజాతి మహిళల వాటా సగటున 9 శాతం పడిపోయింది. ఆసియన్ అమెరికన్ల వాటా 4 నుంచి 5 శాతం తగ్గింది.

పెరగలేదు, తగ్గింది! బలవంతపు పాఠానికి మనసు ఎదురుతిరుగుతుందన్నది వారి వివరణ. ఇష్టపడి వచ్చినవారికే శిక్షణ ఇచ్చిన చోట ఆసియన్ల వాటా పెరగడమే అందుకు రుజువు.

స్టార్‌బక్స్‌నే చూడండి. 2018 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియా దుకాణంలో ఏమీ కొనకుండా కూర్చున్న ఇద్దరు నల్లజాతి యువకులను పోలీసులు అరెస్టు చేశారు. మే 29న 8,000కు పైగా దుకాణాలు మూసి సిబ్బందికి శిక్షణ ఇచ్చారు. అందరూ దాని గురించే మాట్లాడారు. కొనకపోయినా కూర్చోవచ్చని అదే నెలలో ఒక నిబంధన కూడా తెచ్చారు. అరెస్టుకు దారితీసిన కారణాన్ని తాకింది ఆ నిబంధన ఒక్కటే. 2025 జనవరిలో దాన్నీ ఎత్తేశారు.

శిక్షణ వల్ల బాధితులకు తమ బాధను చెప్పుకునే మాట దొరుకుతుందన్న వాదనలో కొంత నిజముంది. మాట దొరికినంత మాత్రాన పదోన్నతి రాదు.

2025 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం ఫెడరల్ కార్యాలయాల్లో వైవిధ్య కార్యక్రమాలన్నిటినీ రద్దు చేసింది. అందుకు చప్పట్లు కొట్టినవారూ డాబిన్, కాలెవ్ అధ్యయనాన్ని సగమే చదివారు. కింది ఉద్యోగులను చేయిపట్టి నడిపించే బాధ్యత సీనియర్లకు అప్పగించిన కంపెనీల్లో మేనేజర్లుగా ఆసియన్లు సహా పలు వర్గాల వాటా 9 నుంచి 24 శాతం పెరిగిందని కూడా అందులోనే ఉంది. దారి ఉండగా ఒకరు పనికిరాని పాఠాన్ని పట్టుకుని వేలాడుతున్నారు, మరొకరు మొత్తాన్నీ కూలగొడుతున్నారు.

శిక్షణకు ఎందరు హాజరయ్యారన్న లెక్క ఇక చాలు. ఐదేళ్లలో ఎవరెవరు మేనేజర్లయ్యారో కంపెనీలు బయటపెట్టాలి. ఆ 9 శాతానికి, ఈ 4-5 శాతానికి జవాబు చెప్పలేని యాజమాన్యం నడిపే శిక్షణ ఉద్యోగుల కోసం కాదు, రేపు కోర్టులో తనను తాను కాపాడుకోవడానికి.